రెండు టన్నుల ట్రాలీ జాకీ, మూడు టన్నుల స్టాండ్లు: ఎనిమిది నెలలు వాడాక

మొత్తం చదివే తీరిక లేనివాళ్ల కోసం ముందే తేల్చేస్తాను. చక్రాల మీద జరుగుతూ బండిని లేపే ఈ ట్రాలీ జాకీకి ఐదుకి మూడు మార్కులు. లేపిన బండిని కింద నిలబెట్టే స్టాండ్లకు ఐదుకి ఐదు, అయితే అవి మొదట ఆన్‌లైన్‌లో వచ్చిన జత కాదు, దాన్ని తిప్పి పంపేశాక బెజవాడ ఆటోనగర్‌కి స్వయంగా వెళ్లి చూసి తెచ్చుకున్న జత. జాకీ 4,200, స్టాండ్లు జత 2,600 పడ్డాయి. పోయిన దసరాకి కొన్నాను. అప్పటినుంచి మా 2014 స్విఫ్ట్ పెట్రోల్ బండికి ఇంజన్ ఆయిల్ రెండుసార్లు, ముందు బ్రేక్ ప్యాడ్లు ఒకసారి, ఎడమవైపు సస్పెన్షన్‌లోని లింక్ రాడ్ ఒకసారి ఇంటి దగ్గరే మార్చుకున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. షాపులో అదే బాడీ, అదే హ్యాండిల్, అదే ఎరుపు రంగు జాకీని రెండు వేరువేరు స్టిక్కర్లతో పక్కపక్కనే చూశాను. అందుకే పేరు కంటే ఏం చూసి కొనాలో చెబితే ఎక్కువ ఉపయోగం అనిపించింది.

ఇంట్లో బండి పని చేసుకునేవాళ్లు ఎక్కువమంది జాకీ మీద డబ్బు పెడతారు, స్టాండ్ల దగ్గర పిసినారితనం చేస్తారు. మా వీధిలోనే చూశాను, ఆరు వేల జాకీతో బండి లేపి, కింద రెండు సిమెంటు ఇటుకలు పేర్చి, పడుకుని పని చేసుకుంటున్నాడు ఒకతను. బోలు సిమెంటు ఇటుక గోడలో బరువు మోస్తుంది నిజమే, అక్కడ బరువు దాని మీద సమంగా పరుచుకుంటుంది. బండి అంచు ఒకే గీత మీద ఆనితే మాత్రం అది ముందుగా ఏ సూచనా ఇవ్వదు, ఒక్కసారిగా పగిలిపోతుంది. మట్టి ఇటుకా అంతే. ఆయన్ని లేపి, నా స్టాండ్లు ఇచ్చి, ఆ రోజు పని అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. అందుకే ఈ రివ్యూలో సగం స్టాండ్ల గురించే ఉంటుంది.

ముందు జాకీ సంగతి. మా బండి ఖాళీ బరువు వెయ్యి కిలోలకు కాస్త తక్కువ, అందులో ఎక్కువ భాగం ఇంజన్ ఉన్న ముందువైపే. మనం ఎప్పుడూ బండి మొత్తాన్ని లేపం, ఒక వైపో ఒక మూలో లేపుతాం. కాబట్టి బరువు మోయడానికి రెండు టన్నులు ఎక్కువే. షాపులో అందరూ "ఎన్ని టన్నులు కావాలి" అనే అడుగుతారు, అసలు అడగాల్సింది ఎంత ఎత్తు లేస్తుందని. నేను టేపుతో కొలిచాను: కింద 13 సెంటీమీటర్లు, పూర్తిగా లేపితే 33. స్టాండు ఎత్తు మార్చే గాళ్లలో అన్నిటికంటే కిందిదానిలో ఉన్నప్పుడు 28. అంటే జాకీ చివరిదాకా లేపినా స్టాండు దూర్చడానికి మిగిలే ఖాళీ నాలుగైదు సెంటీమీటర్లే. మొదటి గాడిలో స్టాండు పెడితే చక్రం నేలకు వేలెడు ఎత్తులో ఉంటుంది, విప్పడానికి సరిపోతుంది, కానీ కింద దూరి చేతులాడించడానికి ఇరుకు. రెండో గాడికి వెళ్లాలంటే జాకీ ప్రాణం అంతా పెట్టి లేవాలి. ఎస్‌యూవీ వాళ్లకు ఈ జాకీ అసలు సరిపోదు. మళ్లీ కొనాల్సి వస్తే 40 సెంటీమీటర్ల పైన లేచేది, కాస్త పొడుగు బాడీ ఉన్నది తీసుకుంటాను, ఇంకో రెండు వేలు ఎక్కువైనా సరే.

రెండో లోపం దించే వాల్వు. హ్యాండిల్‌ని ఎడమకు తిప్పితే బండి దిగాలి, మెల్లగా దిగాలి. ఇందులో పావు చుట్టు దాకా ఏమీ కదలదు, ఆపైన ఒక్క వెంట్రుకవాసి తిప్పితే చాలు, ధబ్బున దిగుతుంది. మొదటిసారి బండి అలా పడ్డప్పుడు ముందు చక్రాలు నేలకు తగిలిన చప్పుడుకి మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఇప్పుడు రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, గోరంత గోరంత తిప్పుతాను. అలవాటైంది కానీ ఇది అలవాటు చేసుకోవాల్సిన లోపం కాదు. కొనేటప్పుడు షాపులోనే ఎవరో ఒకరి బండి కింద పెట్టి దించి చూపించమని అడగండి, ఆటోనగర్‌లో కాదనరు.

కొత్తలో పంపు కొడితే స్పాంజి నొక్కినట్టు మెత్తగా వెళ్లింది. అది లోపం కాదు, రవాణాలో అటూ ఇటూ దొర్లి నూనెలోకి గాలి చేరుతుంది. వాల్వు వదులు చేసి, బరువేమీ లేకుండా పది పదిహేనుసార్లు పంపు కొట్టి మళ్లీ బిగిస్తే సర్దుకుంది. నూనె తగ్గితే హైడ్రాలిక్ జాకీ నూనే పోయాలి. ఇంట్లో ఉంది కదా అని బ్రేక్ ఆయిల్ పోస్తే లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి పాడవుతాయి. సీళ్లు పోయిన జాకీ ఎప్పుడు దిగిపోతుందో చెప్పలేం.

జాకీ కొన్న వారానికి ఒక పరీక్ష చేశాను, ఇది మాత్రం ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలి. రాత్రి తొమ్మిదికి బండి ముందు భాగం జాకీతో లేపి, రెండువైపులా స్టాండ్లు పెట్టి, వాటికీ బండికీ మధ్య మూడు వేళ్ల ఖాళీ వదిలాను. అంటే బరువంతా జాకీ మీదే, జారితే మాత్రం స్టాండ్లు పట్టుకుంటాయి. నేల నుంచి చక్రం పైనున్న ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి, కొలత సుద్దముక్కతో గోడ మీద రాశాను. గేటుకి తాళం వేసి పడుకున్నాను. పొద్దున ఆరింటికి చూస్తే 14 మిల్లీమీటర్లు దిగింది. నేల మీద ఒక్క నూనె చుక్క లేదు, బాడీకి తడి లేదు, రాత్రి చప్పుడూ లేదు. కొత్త జాకీ, వారం రోజులది! నూనె బయటికి కారనక్కర్లేదు, లోపల వాల్వు గోళీ దగ్గర ఒక ఇసుక రేణువు అడ్డుపడితే చాలు, ఒత్తిడి ఉన్న వైపు నుంచి ట్యాంకు వైపుకి నూనె మెల్లగా వెనక్కి జారుతూనే ఉంటుంది. తొమ్మిది గంటల్లో 14 మిల్లీమీటర్లంటే కంటికి కనపడదు. అదే రేణువు కాస్త పెద్దదైతే, మనం కింద ఉన్నప్పుడే కదిలితే? జాకీ ఎంత ఖరీదైనదైనా అది బండిని లేపడానికే, నిలబెట్టడానికి కాదని ఆ పొద్దున్నే నాకు పూర్తిగా అర్థమైంది. బండితోపాటు వచ్చే కత్తెర జాకీ అయితే చెప్పనే అక్కర్లేదు, అది రోడ్డు పక్కన స్టెప్నీ మార్చుకోవడానికి, అంతే. దానితో లేపిన బండి కిందకి చెయ్యి కూడా పెట్టను.

ఇక స్టాండ్లు. ఆన్‌లైన్‌లో మొదట వచ్చిన జత డబ్బా తెరవగానే బాగానే కనిపించింది, మెరిసే రంగు, బరువూ ఉంది. బోర్లించి చూస్తే మూడు కాళ్లు కలిసే చోట వెల్డింగు చుట్టూ తిరగలేదు, రెండు చోట్ల చుక్కలు పెట్టినట్టు అంటించి పైన రంగు దట్టంగా కొట్టేశారు. గోరుతో గీకితే రంగు కింద సందు కనపడింది. ఇంకొకదానికి పైకీ కిందకీ జరిగే కడ్డీ పూర్తిగా లేపాక చేత్తో పట్టి ఊపితే గుడి గంటలో నాలుకలా కొట్టుకుంటోంది. ఫోటోలు తీసి పెట్టి తిప్పి పంపాను, డబ్బు వారం లోపే వెనక్కి వచ్చింది, ఆ విషయంలో ఇబ్బంది పెట్టలేదు. కానీ ఫోటో చూసి వెల్డింగు ఎలా ఉందో ఎవరూ చెప్పలేరు కదా. స్టాండ్లు ఆన్‌లైన్‌లో కొనొద్దని గట్టిగా చెబుతున్నాను. జాకీ అయినా కొనండి కానీ స్టాండ్లు చేత్తో పట్టుకుని చూసి కొనండి.

ఆటోనగర్ షాపులో ఉన్న పెద్దాయన ఎలా చూడాలో నేర్పించారు. నాలుగు జతలు నేల మీద బోర్లించి, "ఇదిగో బాబూ, ఈ కుట్టు చూడు, తాడు పేనినట్టు ఒకే వరసలో చుట్టూ వచ్చిందా? దీనికి చూడు, ఇక్కడ తెగింది, ఇది నేను నీకివ్వను" అని పక్కన పెట్టేశారు. తర్వాత ఒక్కోదాన్ని చదునైన ఇనప రేకు మీద నిలబెట్టి కాళ్లన్నీ సమంగా ఆనాయా అని చూశారు. ఒకటి కొద్దిగా టకటకలాడింది, అదీ పక్కకి. రాచెట్ పళ్లలో, అంటే కడ్డీకి ఉన్న గాళ్లలో, దాన్ని పట్టి ఆపే నాలుక ఎంత లోతుకి కూర్చుంటుందో వేలు పెట్టి తడిమి చూడమన్నారు. సగం లోతే దిగితే వద్దు. చివరికి మిగిలిన రెండు జతల్లో ఒకటి తెచ్చుకున్నాను. వంద రూపాయలు తగ్గించమని అడుగుదామనుకుని, ఆయన పెట్టిన శ్రద్ధ చూసి అడగలేదు.

మీద రాసిన టన్నుల లెక్క కూడా సరిగ్గా చదవండి. కొన్నిటి మీద ఉన్న అంకె రెండు స్టాండ్లకూ కలిపి, కొన్నిటి మీద ఒక్కోదానికి. ఏదీ స్పష్టంగా లేకపోతే జతకి అనే అనుకోండి.

నేను తీసుకున్నది రాచెట్‌తోపాటు అడ్డంగా పిన్ను కూడా దూర్చే రకం. దీనికి కారణం డల్లాస్‌లో ఉండే మా బావ. అక్కడ లేబరు ఖర్చు భరించలేక మనవాళ్లు చాలామంది గరాజ్‌లో సొంతంగానే బ్రేకులూ ఆయిలూ చేసుకుంటారు, ఆయనా అంతే. నేను స్టాండ్లు కొంటున్నానని చెప్పగానే ఫోన్‌లో 2020 సంగతి చెప్పారు. హార్బర్ ఫ్రైట్ అనే టూల్స్ సంస్థ పిట్స్‌బర్గ్ పేరుతో అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను దాదాపు 17 లక్షలు ఆ ఏడాది వెనక్కి పిలిచింది. అచ్చులు అరిగిపోవడంతో కొన్నిట్లో రాచెట్ పళ్ల మీద నాలుక చాలినంత లోతుకి కూర్చోలేదు, పైన బరువు కాస్త అటూ ఇటూ కదిలితే ఊడి దిగిపోయే ప్రమాదం. అదే ఏడాది ఇంకో 3 టన్నుల రకంలో కొన్నిటికి వెల్డింగు లోపమని వాటినీ వెనక్కి పిలిచారు. అంత పెద్ద దేశంలో, అన్ని తనిఖీలున్న చోటే అలా జరిగిందంటే మనం షాపులో పది నిమిషాలు వంగి చూసుకోవడం ఎక్కువేమీ కాదు. పిన్ను ఉంటే నాలుక జారినా కడ్డీ కిందకి దిగదు. ఆ పిన్ను పోగొట్టుకోకుండా సన్నని గొలుసుతో కాలికి కట్టేశాను.

స్టాండు తలకాయ ఇనుముది, మధ్యలో గాడి ఉంటుంది. మన బండ్లకు తలుపుల కిందుండే రన్నింగ్ బోర్డు కింద రేకులు రెండూ కలిపి అతికిన సన్నని అంచు ఉంటుంది, అందులో రెండు చిన్న కోతల మధ్య ఉన్న భాగమే గట్టిది, బరువు అక్కడే ఆనాలి. కాస్త పక్కకి పెడితే అంచు వంగిపోతుంది, రంగు లేచిపోతుంది, రెండు వానలకు తుప్పు మొదలవుతుంది. దీనికోసం గాడి కోసిన రబ్బరు ప్యాడ్లు విడిగా దొరుకుతాయి, తప్పకుండా తీసుకోండి. జాకీతో ఇచ్చిన ప్యాడ్ మాత్రం నాసిరకం, మూడో వాడకానికే రెండుగా చీలింది.

కొత్తవాళ్లందరికీ వచ్చే చిక్కు ఒకటుంది: జాకీ పెట్టిన చోటే స్టాండు పెట్టాలంటే ఎలా? నాకూ మొదటి రోజు ఇక్కడే ఆగిపోయింది. బండితో ఇచ్చిన మాన్యువల్ తీసి చూస్తే గరాజ్ జాకీ ఎక్కడ పెట్టాలో, స్టాండ్లు ఎక్కడ పెట్టాలో విడివిడిగా బొమ్మలున్నాయి. జాకీ మధ్యలో ఉన్న గట్టి ఫ్రేముకి పెట్టి, రన్నింగ్ బోర్డు అంచుల కింద స్టాండ్లు పెట్టుకోవాలి. ప్రతి బండికీ ఆ చోటు వేరు, కాబట్టి ఎవరో వీడియోలో చూపించారని కాకుండా మీ బండి పుస్తకమే చూడండి. పొరపాటున ఇంజన్ ఆయిల్ ఉండే చాంబర్ కింద జాకీ పెడితే చాంబర్ సొట్టపడుతుంది, ఆ ఖర్చుకి నాలుగు జాకీలొస్తాయి.

ట్రాలీ జాకీ గురించి ఇంకో విషయం, ఇది వాడితే తప్ప తెలియదు. దాని చెయ్యి నిటారుగా లేవదు, గుండ్రంగా తిరుగుతూ లేస్తుంది, అందుకే లేస్తున్నకొద్దీ జాకీ చక్రాల మీద కాస్త జరుగుతుంది, జరగాలి కూడా. మా వాకిట్లో పార్కింగ్ టైల్స్. రెండు టైల్స్ మధ్య సందులో ఆ చిన్న ఇనప చక్రం ఇరుక్కుంది, జాకీ కదల్లేదు, దాని తలకాయే బండి కింద జారడం మొదలుపెట్టింది. అదృష్టం, కంటికి కనపడింది, దించేశాను. అప్పటినుంచి ముప్పావు అంగుళం ప్లైవుడ్ పలక పరిచి, చీపురుతో ఇసుక ఊడ్చి, దాని మీదే జాకీ పెడుతున్నాను. టైల్స్‌ని రూపాయి బిళ్లతో కొట్టి చూడండి, బోలుగా మోగితే కింద మట్టి దిగిపోయినట్టే, అక్కడ స్టాండు పెట్టొద్దు. తారు రోడ్డూ అంతే. మే నెలలో ఒకసారి వీధిలో పెట్టి చూశాను, బెజవాడ ఎండకి తారు మెత్తబడి స్టాండు కాళ్ల గుర్తులు గుంటలు పడ్డాయి. వాలు ఉన్న చోట, సెల్లార్ ర్యాంపు మీద అసలు ఆలోచనే వద్దు.

చక్రాలకు అడ్డు పెట్టే దిమ్మలు ఈ సెట్‌లో రావు, విడిగా 350 పెట్టి రబ్బరువి కొన్నాను. హ్యాండ్ బ్రేకు వేశాం కదా, గేరులో పెట్టాం కదా అనుకుంటాం. మా బండికి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే, ఇంజన్ తిప్పేది ముందు చక్రాలనే. వెనకవైపు లేపితే హ్యాండ్ బ్రేకు పట్టుకున్న చక్రాలు గాల్లో ఉంటాయి, ఇక దాని వల్ల ఉపయోగం లేదు. ముందువైపు లేపితే గేరు వల్ల ఉపయోగం లేదు. ముందు ఒక్క చక్రం లేపినా అంతే, రెండు చక్రాల్నీ వేరువేరు వేగంతో తిరగనిచ్చే డిఫరెన్షియల్ వల్ల గాల్లో ఉన్న చక్రం ఉత్తినే తిరుగుతుంది, నేల మీద ఉన్న రెండో ముందు చక్రాన్ని గేరు ఆపలేదు. అందుకే నేల మీద మిగిలిన చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టాకే జాకీ ముట్టుకుంటాను. చక్రాల నట్లు కూడా బండి నేల మీద ఉన్నప్పుడే అర చుట్టు వదులు చేయాలి. గాల్లో ఉన్నప్పుడు వీల్ స్పానర్ మీద బలం పెడితే ఆ ఊపు మొత్తం స్టాండ్ల మీద పడుతుంది.

ఈ వరసంతా ఒక అట్ట మీద రాసి గోడకి మేకు కొట్టి తగిలించాను. తొమ్మిదేళ్ల మా అమ్మాయి మెట్ల మీద కూర్చుని ఒక్కోటీ చదువుతుంది, "నాన్నా, దిమ్మలు పెట్టావా? పిన్ను దూర్చావా? ఊపి చూశావా?" అని. సుద్దతో గీసిన గీత దాటి లోపలికి రాదు, అది మా ఇద్దరి ఒప్పందం. చివరిది అన్నిటికంటే ముఖ్యం: బండి స్టాండ్ల మీదకి దించాక, ఇంకా నేను బయటే ఉండగానే, రెండు చేతులతో ఫెండర్ దగ్గర పట్టుకుని గట్టిగా నెట్టి లాగి చూస్తాను. పడేదైతే నేను కింద లేనప్పుడే పడాలి. జాకీని పూర్తిగా తీసేయను, కొద్దిగా ఆనేలా అక్కడే వదిలేస్తాను. విప్పిన చక్రాన్ని పడుకోబెట్టి రన్నింగ్ బోర్డు కిందకి తోసేస్తాను, ఏదైనా జరిగితే ఆ చక్రం మందం అంత ఖాళీ అయినా మిగులుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు బండి కిందకి వెళ్లను, మా ఆవిడ బజారుకి వెళ్తే పని ఆగిపోతుంది, వచ్చాకే మళ్లీ.

ఈ ఎనిమిది నెలల్లో స్టాండ్లు ఒక్క మిల్లీమీటరు దిగలేదు. ఆయిల్ మార్చిన రెండుసార్లూ అదే సుద్ద గీత దగ్గర కొలిచాను, లేపిన గంటకీ, దించే ముందూ. వానాకాలంలో కాళ్ల అంచుల దగ్గర రంగు లేచి కాస్త తుప్పు కనపడింది, ఉప్పు కాగితంతో రుద్ది రెడ్ ఆక్సైడ్ పూశాను. వెల్డింగు కుట్టు మీద మాత్రం మందంగా ఏ రంగూ వేయలేదు, పగులు వస్తే కనపడాలి కదా. జాకీని దించే వాల్వు గురించి షాపు పెద్దాయనకి ఫోన్ చేస్తే, తీసుకురా బాబూ, విప్పి గోళీ కడిగిద్దాం అన్నారు, దానికి డబ్బు తీసుకోనన్నారు. వచ్చే ఆదివారం వెళ్తున్నాను. జాకీ మెల్లగా దిగడం మొదలుపెడితే పైన రాసిన మూడు మార్కుల్ని మూడున్నర చేసి ఇక్కడే రాస్తాను.